నాలుగో సంతకం

అత్తయ్య గుమ్మంలో అడుగుపెడుతూనే చేతి సంచి దించి, నా ఒళ్ళోంచి పాపను అందుకుని, "నీ మొగుణ్ణి కాపాడానే పిల్లా," అంది. ముఖం వెలిగిపోతోంది.

రేపల్లె పాసింజరు దిగి ఎండలో నడిచి వచ్చింది. మేమప్పుడు తెనాలిలో ఒక పెంకుటింటి వెనక వాటాలో ఉండేవాళ్ళం. పాపకు ఎనిమిదో నెల. మంచినీళ్ళిచ్చి ఏంటి సంగతని అడిగాను.

"మొన్న పొద్దున పోలీసాయన వచ్చాడు సైకిలేసుకుని. మామూలు చొక్కాయే, అయితే మాత్రం ఆ బూట్లు తెలీవా మనకి? వాడి బడి పేరు చెప్పి, ఇల్లెక్కడమ్మా అన్నాడు. ఆ పేరు గలవాళ్ళు మా పేటలోనే లేరండి బాబూ అన్నా. పక్కింటి ముసలాయన్ని అడిగాడు. ఆయనా లేడన్నాడు. పిల్లకాయల్ని అడిగాడు. వాళ్ళకా పేరే తెలీదాయె! పేట పేటంతా ఒక్క మాట మీద నిలబడ్డారనుకో. పుస్తకంలో ఏదో గీక్కుని పోయాడు."

మా ఆయన స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటున్నారు. తువ్వాలు నెత్తిమీద అలాగే ఉండిపోయింది.

"అమ్మా, ఆయన నన్ను పట్టుకుపోవడానికి రాలేదే. ఉద్యోగం విచారణకి వచ్చాడు."

"విచారణంటే పట్టుకుపోటమే కదరా," అంది అత్తయ్య.

ఆయన గుమాస్తా ఉద్యోగానికి ఎంపికయ్యారని ఉత్తరం వచ్చి అప్పటికి మూడు వారాలు. సొంత ఊళ్ళో పోలీసులు విచారించి, ఫలానావాడు ఇక్కడివాడే, ఏ కేసూ లేదు, నడవడి మంచిది అని రాసి పంపితేనే ఆర్డరు వస్తుంది. ఆయన దరఖాస్తులో అత్తయ్య ఇంటి చిరునామా రాశారు. ఇప్పుడు ఆ చిరునామాలో అలాంటి మనిషే లేడని కన్నతల్లి చెప్పింది. మరుసటి సంవత్సరానికి ఆయనకు వయసు దాటిపోతుంది. అప్పటికి ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవారు. పరీక్షలయ్యాక మూడు నెలలు ఆ పనీ ఉండేది కాదు.

రెండు పేర్ల సంగతి చెప్పాలి. మావి లూథరన్ కుటుంబాలు. చర్చిని మేం గుడి అనే అంటాం. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఇంట్లోనూ గుడిలోనూ పిలుస్తారు. బడిలో చేర్పించేటప్పుడు మేష్టారు ఇంకో పేరు రాసి, మతం దగ్గర హిందువు అని రాస్తారు. కిరస్తానీ అని రాస్తే ఎస్సీ కోటా వర్తించదు. గుడి మారినంత మాత్రాన ఊళ్ళో మమ్మల్ని చూసే చూపేమీ మారలేదు కనక, కాగితం మీద మతం మార్చకపోవడం తప్పని పేటలో ఎవరూ అనుకోరు. బాపట్లలో మిషన్ బడి పంతులైన మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. నాకు ఒకటే పేరు పెట్టారు, అన్ని కాగితాల్లోనూ మతం ఉన్నది ఉన్నట్టు రాయించారు. బి.ఏ. చదివి నేను ఇంట్లో ఉండటానికి అదీ ఒక కారణమని మా అమ్మ అంటుంది. రెండు పేర్లవాడికి పిల్లనివ్వడానికి నాన్న ఆరు నెలలు ఆలోచించారు.

ఇక పేటవాళ్ళు పోలీసాయన్ని చూసి ఎందుకలా అన్నారంటే, దానికి మా పెళ్ళికి ముందటి ఏడు జరిగింది కారణం. కాలువ గట్టు మీద పేట కుర్రాళ్ళకూ ఊళ్ళో కుర్రాళ్ళకూ కొట్లాట అయింది. దెబ్బలు రెండు వైపులా తగిలాయి. పోలీసులు మాత్రం పేటకే వచ్చారు. నలుగురు కుర్రాళ్ళను తీసుకెళ్ళారు. మూడో రోజున పిల్లల్ని వదిలేస్తున్నాం, అప్పగించినట్టు రసీదు కావాలి అని చెప్పి పెద్దవాళ్ళచేత తెల్ల కాగితాల మీద సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నారు. పిల్లల్ని వదల్లేదు. కోర్టులో ఆ తెల్ల కాగితాల మీద రాత వచ్చింది. ఫలానా ఇంట్లో మా ఎదుట కర్రలూ కత్తీ దొరికాయి అని. కొడుకు మీదికి తల్లి సంతకమే సాక్ష్యమైంది.

ఆ తల్లి పేటలో బైబిల్ ఉమెన్. మిషన్ తరపున ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించేది, జబ్బు మనిషి పక్కన కూర్చునేది. అందరూ బైబిలమ్మ అనేవాళ్ళు. నేను పెద్దత్తా అనేదాన్ని. ఆమె కొడుకు బెయిలు మీద వచ్చాడు గానీ కుడి మోకాలు వంగదు. నాగలి పట్టలేడు, బస్తా మొయ్యలేడు. గుడి ముందు సైకిళ్ళకు పంక్చర్లు వేసేవాడు. కేసు అప్పటికింకా నడుస్తూనే ఉంది.

కాబట్టి స్టేషనుకు నేను వెళ్ళి మాట్లాడతానని ఆయన చొక్కా తొడుక్కుంటే అత్తయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నీ కాళ్ళు బాగుండటం నీకిష్టం లేదా?" అంది. చివరకు ఆడవాళ్ళం ఇద్దరం పాపను ఎత్తుకుని వెళ్ళడానికి నిర్ణయమైంది. చంటిపిల్ల చేతిలో ఉంటే ఏమీ అనరని అత్తయ్య ధైర్యం. నాకు ఆ ధైర్యం లేదు. ముందు రోజు నుంచే నాకు అన్నం సహించలేదు. పాపకు పాలు తగ్గిపోతాయేమోనని అదొక భయం.

ఆ పొద్దున ఇంటామె దగ్గర తిలకం అడిగి బొట్టు పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఎవరూ పెట్టుకోమనలేదు. రైల్లో అత్తయ్య నా ముఖం చాలాసేపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. వేమూరు దాటాక పమిట చెంగు నాలుకతో తడిచేసి, నా గడ్డం పట్టుకుని, "వంకరగా ఉంది," అని సరిచేసింది.

ఆ ఊరి పేరూ స్టేషను పేరూ రాయను. మమ్మల్ని వరండాలో గంటకు పైగా నిలబెట్టి, ఆ తరువాత హెడ్ కానిస్టేబులు లోపలికి పిలిచాడు. నడి వయసు మనిషి. బల్ల మీద టిఫిన్ పొట్లం విప్పుకుని ఉన్నాడు. వచ్చిన పని నేను చెప్పాను.

ఆయన అత్తయ్య వంక చూశాడు. "నీ కొడుకేనా?"

"అవునండి."

"మొన్న మావాడొస్తే లేడన్నావంట?"

"భయపడ్డానండి."

"తప్పు చేసినవాళ్ళు కదా భయపడాల్సింది?"

"వాళ్ళు భయపడటం నేనెప్పుడూ చూళ్ళేదండి," అంది అత్తయ్య.

పాపను గట్టిగా పట్టుకున్నానేమో ఏడుపు మొదలుపెట్టింది. హెడ్డు ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అత్తయ్యను కాసేపు చూశాడు. తరువాత నవ్వాడు. "నోరుందే ముసలమ్మకి. మాకు రిపోర్టు రాయటానికి మీరొక మాట చెప్పరు. చెప్పకపోతే మేం మాకు తోచింది రాస్తాం. రాస్తే మళ్ళీ పోలీసోళ్ళు అన్యాయం అంటారు. మేమేం చెయ్యాలి చెప్పండమ్మా, చదువుకున్నారు మీరు?"

ఆ ప్రశ్న నన్నడిగాడు. నిజంగానే అడిగినట్టు అనిపించింది. నేను పాపను భుజాన వేసుకుని జోకొట్టాను.

హెడ్డు ఫైలు తీసి మా ఆయన కాగితం చూపించాడు. మతం ఉన్న గడి మీద వేలు పెట్టి, "ఇది కరెక్టేనా? హిందువులేగా?" అన్నాడు.

"అవునండి," అన్నాను.

నా బొట్టూ అత్తయ్య బోడి నుదురూ చూసి ఆయన ఇంకేమీ అడగలేదు. తెలియక అడగలేదో తెలిసే వదిలేశాడో చెప్పలేను. "పంపాల్సిన రిపోర్టు ఇంకా ఇక్కడే ఉంది, మీ అదృష్టం. గురువారం మావాడు మళ్ళీ వస్తాడు. పేటలో పెద్దమనుషులు నలుగురు సంతకాలు పెట్టాలి. ఇతను ఫలానా, ఈ ఊరివాడే, హిందువు, కేసుల్లేవు, మంచివాడు అని. వేలిముద్రలు పనికిరావు. చదువొచ్చినవాళ్ళే కావాలి. ఈసారి లేడంటే నేను చేసేదేం లేదు."

పేటలో కాగితం మీద పేరు రాయగలిగిన పెద్దవాళ్ళను తిరుగు ప్రయాణంలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం. పంచాయతీ ఆఫీసులో బంట్రోతుగా చేసి దిగిన ఆయన ఒకడు. టైలరు ఒకడు. నిమ్మ తోటలకు కాపలా ఉండే ఇంకొకాయన ఒకడు. ఆ తరువాత బైబిలమ్మ. ఐదో మనిషి లేడు.

బైబిలమ్మ అబద్ధం రాయదు. అదే నా బెంగ. కొడుకును బడిలో వేసేటప్పుడు మేష్టారు ఇంకో పేరు రాయబోతే కలం పట్టుకుని ఆపిన మనిషి. ఆమె కొడుకుకూ నాలాగే ఒకటే పేరు. మా ఆయన హిందువని రాసిన కాగితం కింద ఆమె సంతకం పెట్టడం నాకు ఊహకు అందలేదు. మాటలు కూడబలుక్కుంటూ మూడు రోజులు గడిపాను. ఆమెతో ముందుగా మాట్లాడమని ఆయన అన్నారు. నేను వెళ్ళలేదు. వెళ్ళి అడిగితే లేదంటుంది, అడక్కపోతే పెడుతుందేమో అని ఎక్కడో ఒక ఆశ.

గురువారం ఆయన్ని తెనాలిలోనే ఉంచి నేనూ అత్తయ్యా పాపతో పేటకు వెళ్ళాం. కానిస్టేబులు వచ్చేసరికి పేటలో మగవాళ్ళెవరూ లేరు. కూలి పని లేని రోజున కూడా అందరూ పొలాల వైపు పోయారు. అత్తయ్య చేల గట్ల వెంట తిరిగి బంట్రోతు తాతనూ తోట కాపలా ఆయన్నూ తీసుకొచ్చింది. టైలరు మిషను వదిలి రానంటే, "నీ మిషన్ని ఎవరూ అరెస్టు చెయ్యరులేరా, రా," అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

కానిస్టేబులు చిన్నవాడు. చెమటలు కక్కుతున్నాడు. మంచినీళ్ళు ఇవ్వబోతే, "ఇప్పుడే తాగొచ్చానమ్మా," అన్నాడు. ఎక్కడ తాగొచ్చాడో ఎవరూ అడగలేదు. అత్తయ్య కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చింది. అది మాత్రం గటగటా తాగాడు. బొండానికి మా చేతులు అంటవు.

ప్రశ్నలు అడిగాడు. ముగ్గురూ చెప్పారు. ఇక్కడివాడే, మంచివాడే. అప్పుడతను అట్ట మీద ఒక కాగితం పెట్టి చాచాడు.

తెల్ల కాగితం. ఒక్క అక్షరం లేదు.

"కింద వరసగా పెట్టండి. పైన మేటరు స్టేషన్లో మేం రాసుకుంటాం. ఈ ఎండలో ఇక్కడ కూర్చుని ఎక్కడ రాస్తాం."

ఎవరూ కదల్లేదు. టైలరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బంట్రోతు తాత, "రాసి తీసుకురండి బాబూ, పెడతాం," అన్నాడు మెల్లగా.

"ఇంకోసారి రావటానికి నాకేం పనిలేదా తాతా? ఇదేమన్నా హత్య కేసా? ఉద్యోగం మీ కుర్రాడికా, నాకా?" కానిస్టేబులు నా వైపు తిరిగాడు. "చదువుకున్నారుగా, మీరు చెప్పండమ్మా వీళ్ళకి."

నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు. ఇవ్వండి, ఇక్కడే నేను రాస్తాను, చదివి వినిపిస్తాను, అప్పుడు పెడతారు. కలం నా చేతిలోనే ఉంది. దస్తూరి బాగుంటుందని కాలేజీలో నాకు పేరు. పది నిమిషాల పని. కానీ రాస్తే మతం రాయాలి. చదివితే బైబిలమ్మ వినాలి. ఆమె అప్పటికే వచ్చి చూరు కింద నిలబడి ఉంది, తెల్లచీర చెంగు భుజం చుట్టూ కప్పుకుని.

తెల్ల కాగితమే నాకు కలిసొచ్చింది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు కనక ఎవరూ కాదనరు.

"పెట్టండి తాతా," అన్నాను. "ఏం కాదు. నేనున్నాగా."

నా మొహం చూసి తాత పెట్టాడు. తరువాత టైలరు. తరువాత తోట కాపలా ఆయన. ముగ్గురూ వంగి, పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే తాపీగా దించారు. ఆ అట్ట బైబిలమ్మ చేతికి వచ్చింది.

ఆమె కాగితాన్ని తిప్పి వెనక వైపు చూసింది. మళ్ళీ ముందు వైపు చూసింది. దూరంగా గుడి ముందు కొడుకు కుంటుతూ ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తున్నాడు.

"ఏం రాస్తారే ఇందులో?" అని నన్నే అడిగింది, కానిస్టేబుల్ని కాదు.

"మా ఆయన మంచోడని రాస్తారు పెద్దత్తా."

"అంతేనా?"

"అంతే."

నా కళ్ళలోకి చూసింది. నేను పాప నోట్లోంచి పమిట చెంగు లాగుతూ ఉండిపోయాను. కలం తీసుకుని పెట్టింది. పూర్తి పేరు, కింద గీత, పక్కన బైబిల్ ఉమెన్ అని కూడా రాసింది. కానిస్టేబులు కాగితం మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

ఐదు వారాలకు ఆర్డరు వచ్చింది. బాపట్లలో వేశారు. మా పుట్టింటి ఊరే కావడంతో అందరూ నా అదృష్టమన్నారు. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్తుంటే నాకు సంతోషంగానే ఉండేది. కానీ వీధిలో ఖాకీ చొక్కా కనిపిస్తే తలుపు దగ్గరికి వేసేదాన్ని. పోస్టుమాన్ చొక్కా అయినా అంతే. ఆ కాగితంలో ఏం రాశారు? నాలుగు సంతకాల పైన అంత ఖాళీ ఉంది. ఇతను మంచివాడు అనే మాటకు అంత చోటు అక్కర్లేదు. ఇంకేదైనా రాసుకున్నారా? ఎవరి మీదైనా? ఇంకో కొట్లాట జరిగితే, ఆ కాగితం ఏ కేసులో తేలుతుంది? పోనీ నిజంగానే హిందువని మాత్రమే రాసి ఉంటే, ఎవరో గిట్టనివాడు అర్జీ పెడితే, మిషన్ జీతం తీసుకునే బైబిల్ ఉమెన్ అలా ఎందుకు రాసిందని ముందుగా పిలిచేది ఆమెనే కదా. ఈ సంగతి ఆయనతో అంటే, "ఆర్డరొచ్చి ఎన్నాళ్ళయిందే, ఇంకా ఏంటి నీ గోల," అంటారు. ఆయన తప్పేం లేదు. ఆ రోజు ఆయన అక్కడ లేరు.

పోయిన వారం ఆడవాళ్ళ మహాసభకు బాపట్ల వచ్చి బైబిలమ్మ మా ఇంట్లో రెండు రోజులు ఉంది. కొడుకు కేసు కొట్టేశారని చెప్పింది. తొమ్మిదేళ్ళు తిరిగాక. సాక్షులు సరిగా లేరన్నారట. పంచనామా నమ్మదగ్గది కాదన్నారట. "నా సంతకం నమ్మదగ్గది కాదని జడ్జీగారు చెప్తే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నా," అని నవ్వింది. మోకాలు మాత్రం అలాగే ఉందట.

మా పాప పడుకున్నాక చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నేను ఇక ఆగలేకపోయాను. "పెద్దత్తా, ఆ రోజు కాగితంలో మతం కూడా రాస్తారని నాకు ముందే తెలుసు. మీకు చెప్పలేదు," అన్నాను.

ఆమె ఈనె తీయడం ఆపలేదు. "తెల్ల కాయితం మీద ఏం రాసుకుంటారో నాకంటే బాగా ఎవరికి తెలుసే అమ్మాయ్? నువ్వు నోరు తెరుస్తావేమోనని చూశా."

"మరి ఎందుకు పెట్టారు?"

"వాడు మంచోడనేదానికి పెట్టా. అది నిజమేగా. తక్కిందంతా నువ్వూ ఆ పోలీసాయనా చూసుకోండి."

నన్నూ పోలీసాయన్నీ ఒకచోట కూర్చోబెట్టి ఎంత మామూలుగా అందో. నాకు తిట్టినట్టు కూడా వినిపించలేదు ముందు. కాసేపటికి అర్థమైంది.

"మీ మీదికి ఏమన్నా వస్తే?" అన్నాను.

"వస్తే రానీ. పెట్టింది నేనేనండీ, తెల్ల కాయితం మీద పెట్టానండీ అంటా. పక్కన ఎవరున్నారని అడిగితే నీ పేరు చెప్తా. నీకు ఒకటే పేరుగా, తికమక ఉండదు."

అని చిక్కుడుకాయల గిన్నె నా వైపు జరిపి, చేతులు కడుక్కోవడానికి లేచింది. సాక్ష్యానికి వస్తావా, జరిగింది చెప్తావా అని అడగలేదు. అడిగి ఉంటే ఆ క్షణాన వస్తాననే అనేదాన్ని. ఆమె అడగకుండా వెళ్ళి వారం అయింది. వస్తానా అని రోజూ నన్ను నేను అడుగుతున్నాను. ఆయన ఉద్యోగం, పాప చదువు, అత్తయ్య మందులు, అన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఇప్పటికింకా అవునని అనలేకపోతున్నాను.